దేవుడమ్మ వాదించిన కేసు

బస్తర్ అడవుల్లో మా కిరండూల్ రైల్వే కాలనీలో తెల్లకోడిని పెంచాలంటే రోజూ సబ్బు పెట్టి కడగాలి. లేకపోతే వారం తిరిగేసరికి అది ఎర్రకోడి అయిపోతుంది. ఆ తర్వాత గుడ్లు కూడా ఎర్రగానే పెడుతుంది. బైలడిల కొండల నుంచి వచ్చే ఇనపరాయి దుమ్ము అలాంటిది. మా ఇంట్లో ఒకసారి ఆ గుడ్డుతో అట్టు వేస్తే పెనానికి అయస్కాంతంలా అతుక్కుపోయింది, పెనంతో సహా కొరుక్కుతిన్నాం. నమ్మకపోతే మీ ఇష్టం. తొమ్మిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి బయటికొచ్చిన మనిషిని నేను. అబద్ధం చెప్పడానికి కావలసినంత చదువు నాకు లేదు.

దేవుడమ్మ సంగతి మాత్రం ఒక్క ముక్క కలపకుండా చెబుతాను. కలపాల్సిన అవసరం లేదు గనక.

అవి కొండల్ని తవ్వి, రాయిని బళ్ళకెత్తి, విశాఖపట్నం రేవుకి రాత్రింబవళ్ళు తోలుతున్న రోజులు. ఒకటే లైను. దాని మీద రాయి బళ్ళు వరస కట్టి పోయేవి. మనుషుల కోసం రోజుకి ఒక పాసింజరు. దేవుడమ్మ తండ్రి జయరావు స్టేషన్ మాస్టరు. బొబ్బిలి వైపు మనిషి. భార్య వెంకమ్మ పచ్చకామెర్లతో పోయాక ఆయన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. తల్లి నూకాలమ్మని ఊరినుంచి తెచ్చుకున్నాడు. కూతుర్ని ఆవిడ చేతిలో పెట్టి, డ్యూటీ చేసుకుంటూ ఉండిపోయాడు. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో ఆయన వంతు మాటలు కూడా నూకాలమ్మే ఆడేసేది.

పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో దేవుడమ్మ ఉన్నట్టుండి ఎత్తు పెరిగింది. ఎంత ఎత్తంటే, గుమ్మంలో నిలబడితే వెనకాల ఇల్లు కనబడేది కాదు. తండ్రిని దాటిపోయింది. నేను ఊరుకుంటానా? "ఏమే, సిగ్నల్ స్తంభం, మీద కాకి వాలింది చూసుకో" అనేవాణ్ణి. అంతకు ముందయితే రాయి పుచ్చుకుని నన్ను స్టేషన్ దాకా తరిమేది. ఆ ఏడు తల కూడా తిప్పలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఈ పిల్లకి ఏదో అయిందని.

అయింది ఏమిటంటే, దానికి చోటు లేకుండా పోయింది. పొద్దున్న పిల్లలతో బంతాడబోతే నూకాలమ్మ కేకేసేది. "ఒలే, గాడిదలాగ పెరిగావు, ఇంకా ఆటలేటే?" అదే సాయంత్రం పెద్దవాళ్ళు కూర్చున్న చోట కూర్చుని ఏదో అనబోతే, "గుంటవి, నీకెందుకే ఈ కబుర్లు, లోపలికి ఎల్లు" అనేది. పొద్దున్నకీ సాయంత్రానికీ మధ్య వయసు ఎటు పారిపోయిందో ఎవరూ చెప్పలేదు.

దానికి ఒకటే కోరిక. జగదల్‌పూర్ వెళ్ళి, హాస్టల్లో ఉండి, సైన్సు చదవాలి. దాని క్లాసులోనే చదివిన పొజ్జే అనే పిల్లకి అక్కడ సీటు ఖాయమైపోయింది; దేవుడమ్మ సీటు తండ్రి మాట కోసం ఆగి ఉంది. పొజ్జేది సుక్మా వైపు అడవిలో దోర్లా గిరిజనుల ఊరు; ఇక్కడ బడి హాస్టల్లో ఉండి చదివింది. ఇంట్లో దోర్లీ, బడిలో హిందీ, సంతలో హల్బీ, మాతో తెలుగు. ఏ భాషలో మాట్లాడినా ఎదుటివాడి పరువు తీసేది.

"ఏందే, మీ అయ్య ఇంకా ఏం చెప్పలే?" అని అడిగింది ఒకరోజు.

"చూద్దాం అన్నాడు" అంది దేవుడమ్మ.

"గా మాట పోయినసారి గూడ చెప్పినవ్."

"పోయినసారి కూడా అదే అన్నాడు."

"మా అయ్యయితే తిట్టిండు, కొడతనన్నడు, నాలుగొద్దులు తాగిండు. అయిదో రోజు పొమ్మన్నడు. మీ అయ్య తిట్టడు, కొట్టడు. గట్లాంటోనితోని చాన కష్టం" అని తేల్చేసింది పొజ్జే.

నిజమే. జయరావు కాదనలేదు. కాదంటే పోట్లాడవచ్చు. అవుననలేదు. అంటే పెట్టె సర్దుకోవచ్చు. మొదటిసారి అడిగినప్పుడు అన్నం తింటున్నాడు, చూద్దాంలే అన్నాడు. రెండోసారి బూట్లు తొడుక్కుంటున్నాడు, చూద్దాం అన్నాడు. మూడోసారి ఏమీ చెయ్యకుండా ఖాళీగానే కూర్చుని, "చూద్దామన్నాను కదేటి" అన్నాడు. ఆ తర్వాత దేవుడమ్మ అడగడం మానేసింది. అడగడమే కాదు, తండ్రితో మాట్లాడటమే మానేసింది. ఆ ఇంట్లో కంచాల చప్పుడూ నూకాలమ్మ గొంతూ తప్ప ఏమీ వినబడేది కాదు.

జగదల్‌పూర్ హాస్టల్ తెరిచే రోజు దగ్గరికొస్తోంది. ఒక మధ్యాహ్నం దేవుడమ్మ నా దగ్గరికొచ్చి, "ఒరేయ్, రాయి బండి వెనకాల గార్డు పెట్టెలో మనిషిని ఎక్కించుకుంటారా?" అని అడిగింది.

నేను మామూలుగానే మొదలుపెట్టాను. ఒకసారి రాయి మీదే పడుకుని రేవు దాకా పోయానని, అక్కడ రాయితో పాటు నన్ను కూడా ఓడలో పోసేశారని, జపాన్‌లో దించి తూకం వేస్తే రాయి నాణ్యంగా లేదని వెనక్కి పంపారని చెప్పాను. ఎవరైనా నవ్వుతారు. దేవుడమ్మ నవ్వలేదు. "ఎక్కించుకుంటారా, లేదా?" అని మళ్ళీ అడిగింది. నా నోట్లో మాట ఆగిపోయింది. నా నోట్లో మాట ఆగడం కాలనీలో ఎవరూ చూడలేదు గనక ఆ రోజుని పండగ కింద జరపాల్సింది.

ఇప్పుడు కోర్టు సంగతి చెప్పాలి.

మా కాలనీ క్లబ్బు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా మిషను చెడిపోయి మూలపడ్డాక, గనుల ఆఫీసు హెడ్ గుమస్తా సత్యమూర్తి గారు ఒక ఆట కనిపెట్టారు. ఆయన దగ్గర ట్రంకు పెట్టె నిండా పాత నవలలు ఉండేవి. ఏటా ఎండాకాలం ఒక నవల తీసి, సాయంత్రాలు అందరికీ చదివి వినిపించేవారు. అయిపోయాక, అందులో ఒక మనిషి మీద కేసు పెట్టి విచారించేవారు. సత్యమూర్తి గారే జడ్జి. పార్సిల్ ఆఫీసు తూకం బల్ల బోను. ముద్దాయి నవలలో ఉంటాడు గనక, అతని వయసుకి సరిపోయే చెప్పుల జత తెచ్చి బల్ల మీద పెట్టేవారు. నేను బంట్రోతుని. పేర్లు పిలవడం నా పని. నా కేక వింటే జగదల్‌పూర్‌లో నిజం కోర్టు వాళ్ళు కూడా లేచి నిలబడేవారని ప్రతీతి. ప్రతీతి నేనే పుట్టించాను.

చిత్రమేమిటంటే, ఏ నవల తీసినా బోనులోకి పదిహేను, పదహారేళ్ళ వాళ్ళే వచ్చేవారు. తోటలో దొంగతనం చేసిన కుర్రాడు, పెద్దల ఉత్తరాలు విప్పి చదివిన పిల్ల, గురువుకి ఎదురుచెప్పి ఊరొదిలిన శిష్యుడు. పాత నవలల్లో పెద్దవాళ్ళు తప్పులు చెయ్యరేమో అనుకునేవాణ్ణి. పిల్లల తరఫున ఎవరు వాదించినా ఓడిపోయేవారు. ఎందుకంటే అవతల వాదించేది టికెట్ కలెక్టర్ యేసుపాదం. ఆయన కళ్ళజోడు మీదుగా చూస్తే టికెట్ ఉన్నవాడు కూడా జేబులు తడుముకునేవాడు. అన్ని ఏళ్ళలో ఒక్క పిల్లవాడు కూడా నిర్దోషిగా బయటపడలేదు.

నవలల్లో తండ్రుల వేషం మాత్రం ఏటా జయరావుదే. మామూలప్పుడు నోరు విప్పని మనిషి, తండ్రిగా సాక్ష్యం చెప్పేటప్పుడు స్తంభం అదిరేలా మాట్లాడేవాడు.

ఆ ఏడు నవలకి అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు, రాసినవారి పేరు లేదు. సత్యమూర్తి గారి కళ్ళద్దం పగిలిపోవడంతో చదివే పని దేవుడమ్మకి పడింది. కథలో వరహాలు అని ఒక కుర్రాడు. తండ్రి బియ్యం మిల్లు యజమాని. కుర్రాడికి పట్నం వెళ్ళి గడియారాలు బాగుచెయ్యడం నేర్చుకోవాలని ఉంటుంది. తండ్రిని మూడుసార్లు అడుగుతాడు. తండ్రి ఇదీ అదీ తేల్చకుండా చూద్దాం అంటాడు. ఒకరోజు కుర్రాడు చెప్పకుండా రైలెక్కేస్తాడు. దారిలో ఏదో స్టేషన్లో బండి చాలాసేపు ఆగుతుంది. దిగుదామా, పోదామా అని తేల్చుకోలేక కిటికీ దగ్గరే కూర్చుంటాడు. చివరికి పట్నంలో ఎవరూ తెలియక, మర్నాడు ఇంటికి తిరిగొస్తాడు. తండ్రి తలుపు తియ్యడు. అక్కడితో నవల అయిపోయింది.

చదువుతున్నప్పుడు నూకాలమ్మ ముందు వరసలో కూర్చుని, ఆగి ఆగి, "ఆ గుంటడు ఏమైనా తిన్నాడేటే?" అని అడిగేది. నవలలో రాయలేదు మామ్మా అంటే, "రాసినోడికి కడుపు నిండుంటాది" అని రాసినాయన్ని తిట్టేది. తలుపు తియ్యని చోట దేవుడమ్మ పుస్తకం పక్కన పెట్టింది. నీళ్ళు తాగి పూర్తిచేసింది. జయరావు వెనక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్ళిపోయాడు.

కేసు రోజు ఇన్‌స్టిట్యూట్ కిటికీల్లో కూడా మనుషులు కూర్చున్నారు. డ్రైవర్లు, పట్టాల గ్యాంగ్ మనుషులు, గనిలో షిఫ్టు దిగి ఎర్రమొహాలతో అలాగే వచ్చినవాళ్ళు. పొజ్జే తన బడి హాస్టల్ పిల్లల్ని వెంటేసుకుని గోడ పక్కన చేరింది. ముద్దాయి తరఫున ఎవరని సత్యమూర్తి గారు అడిగారు. ఏటేటా ఓడిపోయి అలిసిపోయిన గుమస్తాలు ఎవరూ లేవలేదు. అప్పుడు దేవుడమ్మ లేచింది. లేచి, లేచి, లేస్తూనే ఉంది. అంత పొడుగు.

"అది గుంట, కోర్టులో మాట్లాడటమేటి?" అంది నూకాలమ్మ.

"నవల మొత్తం విన్నవారెవరైనా వాదించవచ్చునని నిబంధన. ఈ అమ్మాయి వినడమేమిటి, చదివింది" అన్నారు సత్యమూర్తి గారు.

దేవుడమ్మ తనకి చిన్నవైపోయిన పాత చెప్పులు తెచ్చి బోనులో పెట్టింది.

యేసుపాదం మొదలుపెట్టాడు. ఇంట్లో చెప్పకుండా పోవడం ఒక నేరం. నవలలో ఎక్కడా టికెట్ కొన్నట్టు రాయలేదు గనక టికెట్ లేని ప్రయాణం రెండో నేరం. వెనకనుంచి ఎవరో, "నవల రాసినాయన దగ్గర జరిమానా వసూలు చెయ్యండి" అన్నారు. యేసుపాదం నవ్వలేదు. ఆయనకి ఇంకా పెద్ద ఆయుధం ఉంది. జయరావుని పిలవమన్నాడు. నేను పిలిచాను. రెండు పావురాలు కప్పులోంచి ఎగిరిపోయాయి.

"తమరు ముద్దాయి తండ్రి. పైగా స్టేషన్ మాస్టరు కూడా" అన్నాడు యేసుపాదం.

"నవలలో ఆయన మిల్లు యజమాని కదండీ" అన్నారు సత్యమూర్తి గారు.

"మిల్లు మాట మిల్లుదే. రైలు మాట అడగడానికి వీరికన్నా ఎవరున్నారు? జయరావు గారూ, దారిలో బండి అంతసేపు ఎందుకు ఆగి ఉంటుంది?"

"క్రాసింగ్ అయి ఉంటుంది. ఒకటే లైను. ఎదురు బండి వచ్చేదాకా దీన్ని పక్క పట్టాల మీద, లూప్‌లో నిలబెడతారు."

"అంటే కుర్రాడికి దిగి ఇంటికి పోవడానికి కావలసినంత సమయం ఉందన్నమాట."

"ఉంది."

"అయినా దిగలేదు. అది కొవ్వు. అంతే" అని యేసుపాదం కూర్చున్నాడు. వెనక వరసలు చప్పట్లు కొట్టాయి. ఈ ఏడు కూడా పిల్లవాడు ఓడిపోయినట్టే అనుకున్నాం.

దేవుడమ్మ తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన మొహంలోకి చూసింది.

"లూప్‌లో నిలబడ్డ బండి తప్పు చేసినట్టా, మాస్టారూ?"

ఇంట్లో నాన్న, కోర్టులో మాస్టారు. జయరావు గొంతు సవరించుకున్నాడు.

"తప్పేముంది? దాని వంతు రాలేదు."

"వెళ్ళవచ్చని ఎవరు చెప్పాలి?"

"స్టేషన్ మాస్టరు. సిగ్నల్ ఇవ్వాలి."

"సిగ్నల్ లేకుండా డ్రైవరు బండి తీస్తే?"

"ఘోరమైన తప్పు."

"అది చాలు, ఇంకేం కావాలి?" అని యేసుపాదం సగం లేచాడు. జడ్జి గారు కూర్చోమన్నారు.

"డ్రైవరు ఎదురుచూస్తున్నాడు. సిగ్నల్ ఎర్రగా లేదు, పచ్చగా లేదు. దీపం ఆరిపోయి ఉంది. అప్పుడేం చెయ్యాలి?"

"ఆరిపోతే ఎరుపు కిందే లెక్క. ఆగాలి."

"ఆగి?"

"ఈల వెయ్యాలి. పలక్కపోతే, మళ్ళీ వేస్తాడు."

"అప్పటికీ పలక్కపోతే?"

"అసిస్టెంటుని స్టేషన్‌కి పంపిస్తాడు, కనుక్కోమని. నా స్టేషన్లో అలా ఎప్పుడూ జరగలేదు. ఈల వేసిన బండికి నేను పలక్కపోవడమనేది లేదు" అన్నాడు జయరావు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. నిజం కూడా. ఆ లైను మీద ఆయనంత పేరున్నవాడు లేడు.

"వరహాలు ఎన్నిసార్లు ఈల వేశాడు, మాస్టారూ?"

హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి.

వెనకనుంచి ఒక ముసలి డ్రైవరు, "మూడుసార్లు" అన్నాడు మెల్లిగా. పక్కవాడు తల ఊపాడు. ఆ హాల్లో ఉన్నవాళ్ళు కుర్రాళ్ళ గుండెల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు గాని, ఆరిన సిగ్నల్ ముందు ఎండలో నిలబడటం ప్రతివాడికీ తెలుసు. ఒక గార్డు అయితే ఏకంగా, "దానికన్నా ఎరుపు నయం" అన్నాడు.

"వాడు ఇంటి దగ్గర మూడుసార్లు అడిగాడు" అంది దేవుడమ్మ. "వద్దని ఉంటే ఆగేవాడు. ఎందుకు వద్దో చెబితే పోట్లాడేవాడు, ఏడ్చేవాడు, తర్వాత ఆగేవాడు. వాళ్ళ నాన్న చూద్దాం అన్నాడు. మీరు ఇన్నేళ్ళుగా సిగ్నళ్ళు ఇస్తున్నారు. చూద్దాం అంటే ఏ రంగు, మాస్టారూ? ఎరుపా, పసుపా, పచ్చా?"

చూపు దించలేదు.

జయరావు తూకం బల్ల మీద చెప్పుల వంక చూశాడు. తర్వాత కూతురి వంక చూశాడు. అలా చూడటానికి ఆయన తల ఎత్తాల్సి వచ్చింది.

"ఆ రంగు లేదు" అన్నాడు.

"మరి ఆయన ఎందుకు అన్నాడు?"

"భయమేసి ఉంటుంది." ఇది స్తంభం అదిరే గొంతు కాదు. ఇంట్లో గొంతు కూడా కాదు. మేం అంతకు ముందు వినని గొంతు. "కాదంటే గుంట ఏడుస్తుంది. అవునంటే ఎల్లిపోతుంది. ఇల్లు ఖాళీ అయిపోతుంది. అందుకని చూద్దాం అని ఉంటాడు. అలా అంటే ఆ రోజుకి గడిచిపోతుంది కదా."

"ముద్దాయి కుర్రాడండీ, గుంట కాదు" అన్నాడు యేసుపాదం.

"మీరూరుకోండి" అన్నారు సత్యమూర్తి గారు.

జయరావు ఎవరి మాటా వినలేదు. "హాస్టల్ ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగాడు.

"ఈ ప్రశ్న నవలలో లేదు, జయరావు గారూ" అన్నారు జడ్జి గారు. ఆయన పగిలిన కళ్ళద్దం తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"సోమవారం" అంది దేవుడమ్మ.

"అయితే ఆదివారం పాసింజరుకే బయల్దేరాలి. నాకు డ్యూటీ ఉంది. మార్చుకుంటాను."

"నాన్నా, పచ్చేనా?"

"పచ్చే."

గోడ పక్కనుంచి పొజ్జే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. డ్రైవర్లందరూ అందుకున్నారు. ఆ ఈలలకి స్టేషన్లో నిలబడి ఉన్న రాయి బండి ఒకటి తనంతట తనే కదలబోయిందని నేనంటే మీరు నమ్మరు. వదిలేయండి. నూకాలమ్మ మాత్రం ఏడుస్తూ, "ముందు ఆ వరహాలుగాడికి తలుపు తియ్యండర్రా, ఎంతసేపు నిలబెడతారు?" అని అరిచింది. సత్యమూర్తి గారు బల్ల మీద కొట్టి తీర్పు చెప్పారు. ముద్దాయి నిర్దోషి. తండ్రి తలుపు తియ్యాలి, అన్నం పెట్టాలి, ఆ తర్వాత కావలిస్తే తిట్టుకోవచ్చు. టికెట్ జరిమానా మాత్రం యేసుపాదం వదల్లేదు. సొంత జేబులోంచి తీసి తనే కట్టేశాడు. ఎవరికి కట్టాడో ఇప్పటికీ తెలియదు.

ఆదివారం బండికి ఆ తండ్రీకూతుళ్ళతో పాటు నేనూ ఎక్కాను, పెట్టె మొయ్యడానికి మనిషి కావాలని. ఎన్నాళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరూ మొదట కిటికీల్లోంచి చెరోవైపు చూశారు. బచేలి దాటాక ఎదురు సీటు ముసలాయన, "అమ్మాయిని ఎక్కడికి తీసుకెళ్తున్నారు బాబూ?" అని అడిగాడు. జయరావు మొదలుపెట్టాడు. మా అమ్మాయి సైన్సు చదువుకోడానికి ఎల్తోంది, మొన్న కోర్టులో కేసు గెలిచింది అన్నాడు. దంతెవాడ వచ్చేసరికి ఆ కోర్టులో ముగ్గురు ప్లీడర్లు చేరారు. గీదంలో ఎక్కినవాళ్ళకి, జడ్జి కుర్చీ దిగి వచ్చి అమ్మాయికి దండం పెట్టాడని చెప్పాడు. దేవుడమ్మ పైట అడ్డం పెట్టుకుని, "నాన్నా, చాలు" అంటోంది, ఆయన ఆపడం లేదు. ఎన్నేళ్ళ మాటలు లోపల దాచుకున్నాడో, వాటన్నిటినీ ఒక్క బండిలో దించేస్తున్నాడు.

నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో దేవుడమ్మ ఇప్పుడు ఇనుము పరీక్షించే ప్రయోగశాల నడుపుతోంది. పెద్ద పెద్దవాళ్ళు ఆవిడ సంతకం కోసం గుమ్మంలో నిలబడతారు. ఆ సంగతి మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఆ ఆదివారం సంగతి. జగదల్‌పూర్ ప్లాట్‌ఫారం మీద బండి ఆగేసరికి, మా రైలుపెట్టెలో ఉన్న వాళ్ళంతా మా దేవుడమ్మని చూడటానికి లేచి నిలబడ్డారు. ఆవిడ వంగకుండా, తల దించకుండా, తన పొడుగంతా తను నిలబడి దిగింది. వెనకాల జయరావు, ఇంకా చెబుతూనే ఉన్నాడు. అబద్ధాలాడటంలో నన్ను మించినవాడు బస్తర్‌లో లేడని అప్పటిదాకా ధీమాగా ఉన్నవాణ్ణి. పెట్టె నెత్తిన పెట్టుకుని, నోరు మూసుకుని వాళ్ళ వెంట నడిచాను.